జోస్యులుగారి కారణాలు

మంగళవారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు వాన వెలిసింది. గాలి లేదు. తూర్పున ఆకాశం ఇంకా నల్లగానే ఉన్నా, పడమటి నుంచి పల్చని ఎండ వచ్చి కార్ఖానా కిటికీ అద్దాల మీద ఏటవాలుగా పడింది. గోడకు తగిలించిన ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపిస్తోంది. ఆ కార్ఖానాలో అందరూ గడియారం కన్నా ముందు దాన్నే చూస్తారు. సోలుకు రాసిన జిగురు ఎంతసేపటికి పడుతుందో చెప్పేది అదే. ఇరవై ఆరంటే పావుగంట. ఆమె చేతిలోని బూటును బల్ల మీద బోర్లించి, దాని మీద ఇసుక సంచి బరువు పెట్టి, ఆ పావుగంట ఆగడానికి సిద్ధపడింది.

అది కాళ్ళలో తేడా ఉన్నవాళ్ళకు బూట్లు చేసే కార్ఖానా. ఒక కాలు పొట్టిదైనవాళ్ళు, పాదం లోపలికి వాలినవాళ్ళు, వేళ్ళు పోయినవాళ్ళు అక్కడికి వస్తారు. వచ్చినవాళ్ళను ముందుగా నడిపించి చూడరు. పాత చెప్పులు విప్పించి, తిరగేసి చూస్తారు. నలుగురి ముందు నడవమంటే మనిషి సరిగ్గా నడవడానికి తంటాలు పడతాడు. చెప్పుకు ఆ మొహమాటం లేదు. బరువు ఎక్కడ వేస్తున్నాడో, ఏ నొప్పిని ఎవరికీ చెప్పకుండా దాచుకుంటున్నాడో అంతా అరుగుదలలో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని చదవడమే ఆమె పని.

మామూలుగా ఆమె ఏడింటికి వచ్చి మూడింటికి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఆగిపోవడానికి కారణం డ్రిల్లు మాస్టారు. ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఎడమ కాలు కుడికాలి కన్నా పద్దెనిమిది మిల్లీమీటర్లు తక్కువ. వానలో ఆయన పాత బూటు సోలు నోరు తెరిచిందట. పఠనమందిరం మేడ మీద కూర్చుండిపోయాననీ, కొత్తది పూర్తయితే ఎవరి చేతనైనా పంపించమనీ ఫోను చేశాడు. అటు వెళ్ళేవాళ్ళు ఎవరున్నారని మేస్త్రి అడిగితే తానే తీసుకెళ్తానంది. ఆ మేడ మీదే టెన్నిస్ అభిమానుల సంఘం ఉంది. ఆమె భర్త ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్తాడు. బూటు ఇచ్చేసి, ఆయనతో కలిసి ఒకే బస్సులో ఇంటికి రావచ్చునని ఆమె అనుకుంది. పక్క బల్ల దగ్గర కుట్టుపని చేసే పిల్ల ఈ మాట విని, పెళ్ళైన ఇరవై రెండేళ్ళకు అక్కకీ బావగారికీ షికారు కుదిరిందని వేళాకోళం చేసింది.

ఆరు దాటి ఐదు నిమిషాలకు ఆమె పఠనమందిరం మెట్లెక్కింది. పై గది తలుపు సగం తెరిచి ఉంది. డ్రిల్లు మాస్టారు వరండాలో బెంచీ మీద ఒంటికాలి మేజోడుతో కూర్చుని ఉన్నాడు. ఆమె కింద కూర్చుని బూటు తొడిగి, తాడు బిగించి, చీలమండ దగ్గర వేలు పోనిచ్చి చూసింది. లేచి నాలుగడుగులు వేసి, బాగుందమ్మా అన్నాడాయన. ఎలాగూ వచ్చారు కదా, లోపల మా జోస్యులుగారు మాట్లాడుతున్నారు, ఒక్క నిమిషం విని వెళ్ళమన్నాడు. ఈ పోటీలో రెండో సీడు ఆటగాడు తొలి రౌండులోనే ఇంటిదారి పడతాడని ఆయన ఆదివారమే చెప్పాడట. సోమవారం అలాగే జరిగిందట. మొదటి వారం ఎవరి జోస్యాలు ఎక్కువ నిజమైతే వాళ్ళను రేడియోవాళ్ళు పిలిచి పావుగంట మాట్లాడిస్తారు, ఈసారి ఆ కుర్చీ ఈయనదేనని అందరూ అనుకుంటున్నారట.

తలుపు సందులోంచి ఆమెకు ముందు గోడ కనిపించింది. గోడంత పొడవున పోటీ పట్టిక అతికించి ఉంది. ఎవరు ఎవరితో ఆడతారో పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి గడి కింద చిన్నచిన్న చీటీలు గుండుసూదులతో గుచ్చారు. పట్టిక ముందు పదిహేనుమంది కూర్చున్నారు. తలుపుకు వీపు పెట్టి ఒక మనిషి నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ చొక్కాను పొద్దున ఇస్త్రీ చేసింది ఆమే.

"సర్వు చేశాక వెనక కాలు గాల్లోకి లేస్తుంది కదా, అప్పుడు అడుగు మనకి కనిపిస్తుంది. అందరూ బంతిని చూస్తారు. నేను అడుగు చూస్తాను. ఆయన బూటుకి లోపలి అంచు కొత్తదిలా ఉంది, బయటి అంచు నున్నబడింది. అంటే ఏమిటి? బొటనవేలిని దాచుకుంటున్నాడు. బొటనవేలు దాచుకున్నవాడు ఐదు సెట్లు ఆడలేడు."

శనివారం సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఆమె చెప్పిన మాటలవి. అంటే ఏమిటి అని ఆగడం కూడా ఆమెదే. కుట్టుపని పిల్లకు పని నేర్పేటప్పుడు ఆమె అలాగే ఆగుతుంది.

ముందు వరసలో కూర్చున్న ఒకావిడ, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, తెల్లకోటు మడిచి ఒళ్ళో వేసుకుని ఉంది. మందుల షాపామె అని డ్రిల్లు మాస్టారు చెప్పాడు. ఐదేళ్ళుగా ఒక్కరోజు మానలేదట. ఆవిడ ఏదో అడిగింది. ఇంట్లో కూడా ఇలాగే వివరిస్తారా, మీ ఆవిడ అదృష్టవంతురాలు అన్నట్టుగా వినిపించింది.

"మా ఆవిడా? పదిహేను తరవాత పదహారు కదండీ రావాలి, ముప్పై ఎలా వచ్చిందీ అంటుంది."

గదిలో అందరూ నవ్వారు. మందుల షాపామె కూడా నవ్వింది. ఆ ప్రశ్న అడిగింది ఆయనే. ఆరేళ్ళ కిందట, ఇదే పోటీ జరుగుతుండగా, మంచం పట్టె మీద కూర్చుని ఆమెనే అడిగాడు. ఆమె కాగితం మీద గీసి చెప్పింది.

డ్రిల్లు మాస్టారికి నమస్కారం పెట్టి ఆమె మెట్లు దిగింది. బస్సులో ఒక్కతే వెళ్ళింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు టీవీ ముందు మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకు కళ్ళలో పొర. ఆట ఆవిడకు మసకగానే కనిపిస్తుంది కాని బంతి చప్పుడు వింటుంది, ఆటగత్తెలు వేసే కేకలను బట్టి వాళ్ళను గుర్తుపడుతుంది. ఆ మూలిగే పిల్ల గెలిచిందనీ, తుమ్మినట్టు అరిచే పిల్ల ఓడిందనీ చెప్పింది. కోడలు బదులు పలకకపోయేసరికి, వంట్లో బాగాలేదా అని అడిగింది. తడిశానని ఆమె చెప్పింది.

చీర మార్చుకుంటూ ఉంటే అత్తగారు మళ్ళీ అందుకుంది.

"అమ్మాయ్, చాన్నాళ్ళ నుంచి అడగాలనుకుంటున్నాను. వాడు నువ్వు మాట్లాడ్డం అవగానే స్నానాలగదిలోకి పోతాడు. నీళ్ళ చప్పుడు రాదు, పెన్సిలు చప్పుడొస్తుంది. అక్కడేం రాస్తాడే?"

బట్టలు ఉతికేటప్పుడు ఆయన జేబుల్లో లైసెన్సు దరఖాస్తుల చించిన ముక్కలు దొరుకుతుండేవి. వెనక పెన్సిలు రాతలు నీళ్ళకు అలుక్కుపోయి ఉండేవి. ఆఫీసు సంగతులనుకుని ఆమె ఏనాడూ చదవలేదు.

ఏమో అత్తయ్యా అంది.

ఆయన ఎనిమిదింటికి వచ్చాడు. హుషారుగా ఉన్నాడు. తినేటప్పుడు, ఇవాళ ఏ ఆటలు చూశావని అడిగాడు. పని ఆలస్యమైంది, ఏదీ చూడలేదని ఆమె చెప్పింది. ఆయన చెయ్యి కంచంలో ఆగింది. ఒక్కటి కూడానా అన్నాడు. రేపు రెండో రౌండు మొదలవుతుంది కదా, ఆ ఎడమచేతి వాటం పిల్ల సంగతి ఏమైనా గమనించావా అన్నాడు. ఆ గొంతులోని ఆత్రాన్ని ఆరేళ్ళుగా ఆమె ప్రేమ అనుకుంటూ వచ్చింది. రోజంతా ఆఫీసులో విసిగిపోయి వచ్చిన మనిషి, భార్య చూసినదాన్ని అంత శ్రద్ధగా వింటాడని పుట్టింట్లో కూడా చెప్పుకుంది.

కంచం తీస్తూ ఆమె అంది.

"నేనూ ఒకరోజు మీ సంఘానికి వస్తానండీ."

"నువ్వా? అక్కడికెందుకు? అంతా మగాళ్ళు. ఒకటే పొగ, ఒకటే అరుపులు. నీకు తలనొప్పి వస్తుంది. ఆడవాళ్ళెవరూ రారు అక్కడికి."

ఆమె ఆయన ముఖం చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు మనిషిలో ఏదో ఒక తేడా కనబడుతుందని ఆమె నమ్మకం. ఆయన ముఖంలో అలాంటిదేమీ లేదు. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ ఆ మాట ఆయనకే నిజమైపోయినట్టుంది.

ఇక్కడ ఆమె చేయగలిగినవి రెండే. నోరు మూసుకుని ఆయన్ను ఖాళీ చేతులతో పంపించడం ఒకటి. తప్పుడు కారణం చెప్పి నలుగురిలో నవ్వులపాలు చేయడం మరొకటి. రెండోది చాలా తేలిక. బుధవారం మధ్యాహ్నం కత్తితో కార్కు మడమలు చెక్కుతూ దాన్ని గురించి ఆలోచించింది కూడా. కాని తెలిసి తెలిసి తప్పుడు కొలత చెప్పడం ఆమెకు అలవాటు లేదు. కొలత తప్పితే దెబ్బతినేది ఎవరిదో ఒకరి కాలు. అందుకని మూడోదారి పట్టింది. మూడున్నరకు ఇంటికి వచ్చి, టీవీ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఎప్పటికన్నా శ్రద్ధగా ఆట చూసింది.

ఎడమచేతి పిల్లకు పదిహేడేళ్ళు. సీడింగు లేదు. రెండో రౌండు గంటా పది నిమిషాల్లో ముగించింది. శనివారం మూడో రౌండులో ఆ పిల్లకు ఎదురు రాబోయేది రెండుసార్లు పోటీ గెలిచిన మాజీ విజేత. ఆవిడ ఆటను కూడా ఆ రోజే చూపించారు. ఎర్రమట్టి కోర్టు మీద ఆటగాళ్ళు జారుతూ వచ్చి ఆగుతారు. సోలు గాడుల్లో మట్టి నిలుస్తుంది, నున్నబడిన చోట నిలవదు. మాజీ విజేత కాలు మీద కాలు వేసుకుని విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు కెమెరా దగ్గరగా చూపించింది. కుడి బూటు బయటి అంచు మాత్రమే నున్నగా ఉంది. ఎడమ బూటు నిండా మట్టి. ఎటు పరుగెత్తినా ఆవిడ కుడికాలి మీదే ఆగుతోంది; ఎడమ మోకాలిని నమ్మడం లేదు. పిల్ల బూట్ల సోళ్ళు రెండూ సమంగా అరిగాయి.

సాయంత్రం ఆయన రాగానే ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కుడి బూటు, బయటి అంచు అని రెండుసార్లు చెప్పింది. పిల్ల గెలుస్తుందంది. ఆయన తల ఊపుతూ విని, స్నానాలగది వైపు లేవబోయాడు.

"ఒక్కమాటండీ. ఈసారి ఇది నేను చెప్పానని చెప్పండి అక్కడ. అంతే, ఇంకేం వద్దు."

ఆయన ఆగాడు. కొంచెం సేపు ఆమెనూ, కిటికీనీ చూశాడు.

"దానికేముంది. చెప్తాను."

మంచం మీద అత్తగారు ఇటు ముఖం తిప్పింది.

గురువారం రాత్రి భోజనానికి కూర్చుంటూ ఆయనే ఆ సంగతి ఎత్తాడు. చెప్పేశానన్నాడు. మా ఆవిడ గమనించిందని చెబితే అందరూ మెచ్చుకున్నారనీ, కార్యదర్శి అయితే ఆశ్చర్యపోయాడనీ అన్నాడు. ఆమె మరికాస్త వడ్డించింది. మనిషికి ఒకసారి గుర్తుచేస్తే సరిపోయేదానికి మనసులో ఎంత కథ అల్లుకున్నానా అని సిగ్గుపడింది. ఆ రాత్రి ఆమెకు బాగా నిద్రపట్టింది. తరవాత ఆమె మరిచిపోలేకపోయింది ఆ నిద్రనే.

శుక్రవారం ఉదయం పదింటికి డ్రిల్లు మాస్టారు కార్ఖానాకు వచ్చాడు. కొత్త బూటు చీలమండ ఎముకకు ఒరుసుకుంటోంది. ఆమె ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒరుసుకున్న చోట సుద్దతో గుర్తు పెట్టి, తోలు అంచును కత్తితో పల్చగా చెక్కడం మొదలుపెట్టింది. ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. సంఘం కబుర్లు మొదలుపెట్టాడు.

నిన్న జోస్యులుగారు మాజీ విజేత గురించి చెప్పినది విని తీరాలమ్మా అన్నాడు. ఆవిడ ఒక్క కాలి మీదే ఆగుతోందనీ, సోలు అంచు చూసి కనిపెట్టాననీ చెప్పాడట. అలాంటివాడు లైసెన్సుల ఆఫీసులో ముద్రలు గుద్దుతూ కూర్చోవడం ఏమిటో అని డ్రిల్లు మాస్టారు వాపోయాడు.

కత్తి ఆపకుండా ఆమె అడిగింది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారాండీ ఆయన?"

"అడిగామమ్మా. చూడగా చూడగా వచ్చిందన్నారు. దేవుడిచ్చిన కళ్ళు అన్నారు."

ఆమె అంచు చెక్కడం పూర్తిచేసింది. వేలితో తడిమి చూసింది. ఒకచోట ఇంకా గరుకుగా ఉంటే గీకుడు కాగితంతో రుద్దింది. ఆయన చెబుతూనే ఉన్నాడు. అది ఎలా చూడాలో ఒక బూటు చేత్తో పట్టుకుని చూపించమని జోస్యులుగారిని తాను పట్టుబట్టాడట, ఇవాళ సాయంత్రం చూపిస్తానన్నాడట. మీ పనే కదమ్మా, మీకూ సరదాగా ఉంటుంది, రండి అన్నాడు. శనివారం ఆటలకు చీటీలు కూడా ఇవాళే రాస్తారు, మీరూ ఒకటి రాయొచ్చు, మా మందుల షాపామెకు తోడుగా ఉంటుంది అన్నాడు.

వస్తానండీ అంది. కుట్టుపని పిల్ల సూది ఆపి ఆమె వైపు చూసింది. ఆమె వంచిన తల ఎత్తలేదు.

సాయంత్రం ఆరుంపావుకు ఆమె వెళ్ళి చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. ఆయన అప్పటికే పట్టిక ముందు నిలబడి ఉన్నాడు. మందుల షాపామె తన కుడికాలి కేన్వాసు బూటు విప్పి ఇచ్చింది. వాసన వస్తే క్షమించాలి అందావిడ. మీ షాపులో దానికీ మందుంటుంది కదా అని ఎవరో అన్నారు. నవ్వులు సద్దుమణిగాక ఆయన బూటును అందుకుని, సోలు పైకి వచ్చేలా తిరగేసి, ముక్కు అవతలికి ఉండేలా పట్టుకున్నాడు.

పనిలో కొత్తగా చేరినవాళ్ళందరూ మొదటి వారం ఒకే పొరపాటు చేస్తారు. కుడికాలి బూటును మామూలుగా పెట్టి చూస్తే బొటనవేలి వైపు, అంటే లోపలి అంచు, ఎడమచేతి పక్క ఉంటుంది. దాన్ని బోర్లిస్తే అంచులు తారుమారై, లోపలిది కుడిచేతి పక్కకు వస్తుంది. చెయ్యి తిప్పుతుంది కాని బుర్ర తిప్పదు. చేత్తో పది బూట్లు చెడగొడితే గాని అది ఎవరికీ పట్టుబడదు. విని నేర్చుకునే సంగతి కాదు.

ఆయన ఎడమ పక్క అంచు మీద వేలు పెట్టి, ఇది లోపలి అంచు అన్నాడు. కుడి పక్కది చూపించి, ఇది బయటిది, మాజీ విజేతకు అరిగింది ఇక్కడే అన్నాడు. గొంతులో తడబాటు లేదు. డ్రిల్లు మాస్టారు మెడ చాచి చూశాడు. ఆయన జీవితమంతా అలాంటి బూట్లు తొడుక్కున్నవాడు.

"అటువైపు బొటనవేలు కదండీ వస్తుంది?" అన్నాడు సందేహంగా.

"కాదండీ, కుడికాలు కదా, బొటనవేలు ఎడమవైపు ఉంటుంది. చూడండి." అదే అంచును మళ్ళీ చూపించాడు. వాదన తూచినట్టుగా ఉంది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు. ఒకాయన తప్పు దిక్కున బాణం గుర్తు వేసి మరీ కాగితం మీద రాసుకున్నాడు.

మాట్లాడాలని ఆమె అనుకుని రాలేదు. ఆయన నోట నిజం వస్తుందేమో చూద్దామనే వచ్చింది. కాని బూటును అలా పట్టుకోవడం చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"అది బయటి అంచండీ. బోర్లించారు కదా."

ఆయన తిరిగి చూశాడు. బూటు చేతిలో అలాగే ఉంది. డ్రిల్లు మాస్టారు సంబరంగా లేచి, సమయానికి వచ్చారమ్మా అని ఆమెను ముందుకు పిలిచాడు. నా బూట్లు చేసేది ఈవిడే, ఊళ్ళో ఈవిడ కన్నా తెలిసినవాళ్ళు లేరని అందరికీ చెప్పాడు. తరవాత జోస్యులుగారి వైపు తిరిగి, మామూలు మర్యాదగా అడిగాడు.

"మీరెరుగుదురా ఈవిడని?"

ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఒక్కమాట చాలు. ఆ ఒక్కమాట చెబితే బూట్లూ, పెన్సిలు రాతలూ, ఆరేళ్ళూ అన్నీ క్షమించడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

"ఎరుగుదును," అన్నాడాయన. "మా బూట్లు బాగుచేసే ఆవిడ."

"అవునండీ," అందామె డ్రిల్లు మాస్టారితో. "ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను."

ఆయన చేతిలోంచి బూటు తీసుకుంది. ఆయన వేళ్ళు కొంచెం ఆలస్యంగా వదిలాయి. ఆమె దాన్ని ముందు తన కుడి పాదం పక్కన నేల మీద పెట్టి, బొటనవేలు ఎటు ఉందో అందరికీ చూపించి, తరవాత నెమ్మదిగా పక్కకు దొర్లించింది. లోపలి అంచు అవతలికి వెళ్ళడం అందరూ చూశారు. మందుల షాపామె తన బూటు ఎక్కడ అరిగిందో చెప్పమంది. మడమ బయటి వైపు, అంది ఆమె. కౌంటరు దగ్గర ఒకే కాలి మీద బరువు వేసి నిలబడతారు, సాయంత్రానికి నడుము లాగుతుంది. ఆవిడ నోరు తెరుచుకుని చూసి, తన పక్క కుర్చీ ఖాళీ చేసింది.

చీటీలు పంచారు. ఆ సంఘం చీటీలో ఐదు గడులుంటాయి: పేరు, ఇంటి నంబరు, ఆట, గెలిచేవాళ్ళు, కారణం. రేడియోవాళ్ళ ఉత్తరం చేరాలి కనుక ఇంటి నంబరు. రాసినవాటిని కార్యదర్శి పెట్టెలో వేయించుకుని, ఒక్కొక్కటే తీసి, ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివిన తరవాతే గోడకు గుచ్చుతాడు. ఒక ఏడాది ఎవరో చీటీ మార్చారని గొడవ జరిగినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆమె మందుల షాపామె పెన్సిలు తీసుకుని అన్ని గడులూ వరసగా నింపింది. గడిని ఖాళీగా వదిలేయడం ఆమెకు చేతకాదు.

కార్యదర్శి పొడుగు మనిషి, గొంతులో హెచ్చుతగ్గులు లేకుండా బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు చదువుతాడు. జోస్యులుగారి చీటీ నాలుగోది. పేరు, ఇంటి నంబరు ముప్పై ఏడు, మేడ మీద రెండో వాటా. ఎడమచేతి పిల్ల గెలుస్తుంది. కారణం, మాజీ విజేత కుడి బూటు బయటి అంచు. ఆ తరవాత ఇంకెవరివో నాలుగైదు చదివాడు. తరవాత ఆమెది తీశాడు. పేరు చదివాడు. ఇంటి నంబరు ముప్పై ఏడు, మేడ మీద రెండో వాటా, అని అదే గొంతుతో చదివి, ఆట దగ్గరికి వెళ్ళబోయి ఆగాడు. కళ్ళద్దాలు సవరించుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి, గుచ్చిన నాలుగో చీటీని వంగి చూశాడు. తిరిగి వచ్చి మిగిలిన గడులు చదివాడు. మొదటిసారిగా ఆయన గొంతు తగ్గింది.

డ్రిల్లు మాస్టారు తన కొత్త బూటు వైపు చూస్తూ కూర్చున్నాడు. మందుల షాపామె ఒకసారి ఆమెనూ, ఒకసారి ఆయన్నూ చూసి, మంగళవారం తాను నవ్విన నవ్వు గుర్తొచ్చినట్టు తల దించుకుంది. తరవాత ఆమె ఒళ్ళోని చేతి మీద చెయ్యి వేసింది. ఆయన గడియారం చూసుకుని, బస్సు వేళైందని ఎవరికీ కాకుండా చెప్పి, మెట్లు దిగిపోయాడు.

ఆమె చివరి చీటీ వరకూ కూర్చుంది. ఏడింటికి కిందికి వచ్చేసరికి ఆయన బస్సుస్టాపు చూరు కింద నిలబడి ఉన్నాడు. ఈలోగా రెండు బస్సులైనా వెళ్ళి ఉంటాయి. వెలుతురు ఇంకా ఉంది. ఆమె వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆయన రోడ్డు వైపు చూస్తూనే అన్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు."

"మరి ఏ ఇంటి నంబరు రాయమంటారు?"

బస్సు వచ్చింది. ఆయన ముందు సీటులో కూర్చున్నాడు. పక్కన చోటున్నా ఆమె వెనక్కి వెళ్ళింది.

ఇంట్లో టీవీలో ఆట నడుస్తోంది. అత్తగారు ఇద్దరి చెప్పుల చప్పుడూ విని, ఇవాళ కలిసొచ్చారే అంది. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని, ఎవరు ఆడుతున్నారత్తయ్యా అని అడిగింది. ఆయన స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఈసారి నీళ్ళ చప్పుడు వినిపించింది.

శనివారం ఎడమచేతి పిల్ల మొదటి సెట్టు గెలిచి, తరవాతి రెండూ ఓడిపోయింది. మాజీ విజేత కుడికాలి మీద ఆగుతూనే గెలిచింది. పిల్ల పదకొండుసార్లు రెండు సర్వులూ తప్పి పాయింటు పోగొట్టుకుంది. సొంత పేరుతో రాసిన మొదటి జోస్యమే తప్పినందుకు సంఘంవాళ్ళు ఆమెను ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వింది. ఆ ఏడు రేడియోకు మందుల షాపామె వెళ్ళింది.

ఆమె ఆ సంఘానికి పన్నెండేళ్ళు వెళ్ళింది. ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఆ పన్నెండేళ్ళలో, ఇవాళ ఎవరు గెలిచారని ఆయన ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు, ఆమె చెప్పలేదు.